నాయనమ్మ, దిదిమొణి, ఇత్తడి పళ్ళెం

మా చిన్నప్పుడు... ఖిదిర్‌పూర్ పోర్టు క్వార్టర్స్‌లో ఓ సాయంత్రం, మా సైన్సు ట్యూషన్ టీచరు నా పుస్తకాన్ని దబ్బున నేల మీద పడేసింది. పక్కనే ఒత్తులు చేసుకుంటున్న మా నాయనమ్మ చెయ్యి ఆగిపోయింది...

ఆవిడ మొదట్నుంచీ ఆ బెంగాలీ అమ్మాయిని ఓ కంట కనిపెడుతూనే ఉంది. చెప్పులెక్కడ విప్పింది, టీ తాగి కప్పెక్కడ పెట్టింది... అన్నీ అనుమానాలే. నేనేమో సైన్సు తప్పి ఉన్నాను. దిదిమొణి (అక్కడ టీచరమ్మని అలాగే పిలుస్తాం) రాకపోతే ఆ ఏడు గట్టెక్కడం కల్ల.

పాపం దిదిమొణి చెప్తున్నది గాలి గురించి. కాయితం ముక్క విడిగా వదిలితే ఊగుతూ తాపీగా దిగింది. అదే ముక్కని పుస్తకం మీద పెట్టి వదిలితే రెండూ కలిసే పడ్డాయి. కింద గాలిని పుస్తకమే తోసేస్తుంది కాబట్టి కాయితానికి అడ్డుండదట.

నాయనమ్మకి గాలితో పనేముంది...

"సరస్వతిని నేలకేసి కొట్టిన మనిషి టీచరేటి? రేపట్నుంచి రావద్దని సెప్పు. ఆ కాయితానికి జిగురు కూడా రాసుంటాది."

నాకు ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే ఆ మాటలు బెంగాలీలో చెప్పాను. దిదిమొణి మొహం పాలిపోయింది. గబగబా పుస్తకం తీసి కళ్ళకద్దుకుంది. సరస్వతీ పూజకి వాళ్ళూ పుస్తకాలు అమ్మవారి ముందు పెట్టేవాళ్ళే కదా... పాఠం ధ్యాసలో మర్చిపోయింది. ఈసారి మీ వస్తువుతో మీరే చేసి చూడండని నాయనమ్మకి చెప్పమంది.

నాయనమ్మ లోపలికెళ్ళి ఇత్తడి పళ్ళెం తెచ్చింది. కొంగుతో రెండు వైపులా తుడిచింది. క్యాలెండరు కాయితం తనే చింపి పళ్ళెంలో పెట్టి వదిలింది... ఖంగుమంది. కాయితం పళ్ళెంలోనే ఉంది. తీసి వాసన చూసింది, మళ్ళీ వదిలింది. పళ్ళెం అంచు సొట్టపోయింది గానీ కాయితం వెనకబడలేదు.

సొట్టని బొటనవేలితో తడిమి చూసుకుంది. ఆఖరికి, "నాకు నమ్మకం లేదు. రేపు రమ్మను, నానూ కూకుంటాను" అంది.

అలా ఏడాదంతా కూర్చుంది. ప్రతి పాఠానికీ, అదెలా తెలిసిందట అని నా చేత అడిగించేది. ఆ జవాబులు వినీ వినీ నేను పాసయ్యాను.

మొన్న సాల్ట్ లేక్‌లో మా ఇంట్లో, మా అమ్మాయి ఫోన్లో ఏదో వీడియో చూస్తోంది. గాలి తీసేసిన గదిలో ఈక, ఇనప గుండు ఒకేసారి పడుతున్నాయి. నిజమేనంటావా అన్నాను. "చూపించారుగా అమ్మా" అని వేలితో తోసేసింది.

ఒళ్ళు మండింది నాకు... ఆ వెంటనే దిగులేసింది. మా ఇంట్లో ఇప్పుడు పాఠాన్ని నిలదీసే మనిషే లేదు.

మీ ఇళ్ళల్లో అలాంటివాళ్ళు ఉండేవారా? రాయండి... చదువుతాను. నమ్మడం సంగతి తర్వాత చూద్దాం.