కవరు చెప్పిన ఆపరేషన్

ఇరవై రెండేళ్లలో గుడివాడలో నేను హెర్నియా ఆపరేషన్ చేసినవాళ్లందరినీ వరసగా నిలబెడితే, ఆ వరసలో ముందున్నాయన గుడ్లవల్లేరు దాటి బందరు శివార్లలో టీ తాగుతుంటాడు. అంతమందిలో ఒక్కరికి కూడా "నాకు తెలియదు" అని చెప్పిన పాపాన పోలేదు. తెలియనప్పుడు ఇంకాస్త గట్టిగా చెప్పేవాణ్ణి.

అలాంటివాణ్ణి బందరులో ఒక హాల్లో మూడు రోజులు కూర్చోబెట్టారు. పరిశోధనలను సర్జన్లే నడపాలట, అందుకు శిక్షణ. నేర్పే డాక్టరమ్మకు నా మేనకోడలి వయసుంటుంది. హెర్నియాకు లోపల వేసే మెష్‌ను, అంటే సన్నటి వలముక్కను, దారంతో కుట్టాలా, జిగురుతో అంటిస్తే సరిపోతుందా అన్నది తేల్చాల్సిన సంగతి. ఏది ఎవరికో మేము ఎంచకూడదు, సీలు వేసిన కవరు చెబుతుంది. అంతకుముందే రోగితో "ఏది మేలో నాకు తెలియదు" అనాలి.

"కళ్లలోకి చూసి చెప్పండి సార్, ఫ్యానుకు కాదు," అందావిడ.

చెప్పాను. నా చొక్కా పిండితే పంట కాలువకు నీళ్లు వదలొచ్చు.

"మనసులో దారం పెట్టుకుని నోటితో తెలియదంటే మోసం సార్. నిజంగా తెలియకపోతేనే అనండి."

ఆవిడ ఇచ్చిన కాగితాలన్నీ చదివాక నాకు నిజంగానే తెలియకుండా పోయింది. అసలు భయం అప్పుడు మొదలైంది.

మా ఆసుపత్రిలో మొదటి రోగి దివిసీమ నుంచి వచ్చాడు. సముద్రంలో వేటకెళ్లే మనిషి. గజ్జల్లో వాపుతో నాలుగు నెలలుగా పడవెక్కలేదు. ఆపరేషన్ చెడితే మళ్లీ ఎక్కలేడు. పక్కన భార్య. ఇద్దరి కళ్లలోకీ చూసి, రెండు పద్ధతులూ వివరించి, ఆ మాట అనేశాను.

"ఈయనకే తెలీదంట. లే, బెజవాడ పోదాం," అని ఆవిడ లేచింది.

"ఉండవే," అని అతను నా వైపు తిరిగాడు. "వల తాడుకి కట్టకుండా జిగురు పెడితే, ఆటుకి కొట్టుకుపోదాండీ?"

"పోతుందేమోనని నాకూ భయమేనయ్యా. పోదని కొందరు చేసి చూపించారు. నీకిష్టం లేకపోతే కవరు జోలికే పోను, ఎప్పట్లా కుట్టేస్తాను."

భార్యను కూర్చోబెట్టి సంతకం పెట్టాడు.

థియేటర్లో సిస్టర్ కవరు చించి, పైకి చదవకుండా కాగితం నా ముక్కుకు ఆనించింది. జిగురు. వెనక దారం అని రాసుందేమోనని ఆ కాగితాన్ని తిప్పించి తిప్పించి చూశాను. ఆ గాలికి మత్తు డాక్టరు గారు ఎవరో ఫ్యాను వేశారనుకుని ఉంటారు.

కోశాను. మెష్ పరిచాను. అలవాటుగా చెయ్యి చాచాను. సిస్టర్ కూడా అలవాటుగానే దారం ఎక్కించిన సూది అందులో పెట్టింది. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రెండే రెండు కుట్లు. పైన చర్మం మూసేస్తే ఎవడు చూస్తాడు?

నడుముకే మత్తు కాబట్టి, తెర అవతల మనిషి మెలకువగానే ఉన్నాడు.

"డాక్టర్ గారూ, కవర్లో ఏమొచ్చిందండీ?"

"చెప్పకూడదయ్యా. చెబితే దాన్నిబట్టి నడక మార్చేస్తావు."

"సర్లెండి. తెలీదని ఉన్నమాట చెప్పారని సంతకం పెట్టా."

"లోపల ఏదన్నా ఇబ్బందుందా సార్?" సిస్టర్ నా చెవిలో అడిగింది. "ఉంటే కారణం రాసి కుట్టేద్దాం."

ఇబ్బంది అతని లోపల లేదు. సూది తిరిగి ఇచ్చేశాను. జిగురు చుక్కలు పెడుతుంటే, నా వేళ్లు నావేనా అని రెండుసార్లు లెక్కపెట్టుకున్నాను.

ఆ తర్వాత ఆరు వారాలు నేను రాత్రిళ్లు నిద్రపోయానని మా ఆవిడ అంటుంది, నమ్మకండి. ఆరు వారాలకు పరీక్ష చెయ్యడానికి వేరే డాక్టరు వచ్చాడు. కవరు సంగతి తెలియని మనిషే చూడాలి, నేను తొంగి కూడా చూడకూడదు. వరండాలో నిలబడ్డాను. లోపలినుంచి "దగ్గు... ఇంకా గట్టిగా" అంటున్నాడు. మా పడవ మనిషి దగ్గినప్పుడల్లా ఇవతల నా కడుపు చిరుగుతోంది.

చివరికి అతను నవ్వుకుంటూ బయటికొచ్చాడు. "బావుందన్నారండీ. బరువులెత్తొచ్చంట. ఏడాదికి మళ్లీ రమ్మన్నారు."

అని ఊరుకోలేదు. గుడివాడ మార్కెట్టుకని తెచ్చి వరండాలో పెట్టుకున్న చేపల పెట్టె, ఐసుతో సహా, గోదాములో బస్తాలా బరువున్నది, వంగి పట్టుకున్నాడు. "ఆగు" అనబోయి నాలుక కరుచుకున్నాను. ఆ ఒక్క మాట అంటే కవరు విప్పి చేతిలో పెట్టినట్టే. ఏడాది పాటు భయంభయంగా నడుస్తాడు, అప్పుడిక తేలేదేముంటుంది?

వెంట వచ్చిన అతని భార్య నా మొహం చూసింది. "ఏంటండీ అట్టా చెమటలు కక్కుతున్నారు? జిగురేనా?"

పెట్టెకు రెండో పక్క పట్టుకోబోయిన చేతిని వెనక్కి లాక్కుని, వీపు వెనక దాచుకున్నాను. అతను పెట్టె భుజానికెత్తుకుని, మెట్లు దిగి, ఆటో వైపు నడిచాడు.