చేయి ఆపాల్సిన చుక్క

మా ఎదురింటి కెమిస్ట్రీ మేడం పోయిన మంగళవారం కడప ఆసుపత్రిలో కన్నుమూసింది. ఫోన్లో కబురు చెప్పింది మా చిన్నోడే. వాడి గొంతు వినగానే, ముందు వాడికే ఏమైందోనని భయపడ్డాను. “నీకు భయపడేదానికి కారణం అక్కర్లేదక్కా” అని మేడం నవ్వేది. ఐదో తరగతితో ఆగినదాన్ని. ఈ రాతలో తప్పు రాస్తే ఆమెకు మాట వస్తుందేమోనని ఇప్పుడూ దిగులే. అయినా ఆమె మా వీధి మనిషని చెప్పుకోకుండా ఉండలేను.

మాది నేత ఇల్లు. చిన్నోడు ఇంటర్ చదివేటప్పుడు మగ్గం దగ్గర వాళ్ళ నాయనకు నూలు కండెలు అందించేవాడు. మెరూన్ అడిగితే ముదురాకుపచ్చ ఇచ్చేవాడు.

“కండ్లు యాడ పెట్టుకున్నావురా? సదువుకొని ఎవరిని ఉద్ధరిస్తావు?” అని ఆయన అరిచేవాడు.

కాలేజీలోనూ అంతే. ప్రాక్టికల్ పరీక్ష దగ్గర పడింది, ప్రయోగం కుదరడం లేదన్నాడు. మగ్గానికీ చదువుకీ కొరగాకపోతే వీడి గతేమిటని నాకు అన్నం దిగేది కాదు.

ఒక సాయంత్రం మేడమే మా ఇంటికి వచ్చింది.

“వాడి చేయి శానా నిలకడగా ఉండాదన్నా” అంది మా ఆయనతో. “గాజుగొట్టంలోంచి ఆమ్లం చుక్కచుక్కగా వదలడంలో క్లాసులో వాడికి సాటి లేరు. రంగు మారినా ఆపడు. అదే నాకు అర్థం కాలే.”

మాట్లాడుతూనే మగ్గం పక్కనున్న బుట్టలోంచి రెండు కండెలు తీసి వాడి ముందు పెట్టింది.

“ఏందిరా వీటికి తేడా?”

“రెండూ ఒకటే కదా మేడం.”

ఒకటి మెరూన్, ఒకటి ఆకుపచ్చ. మగ్గం మీద పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె మా ఆయన చేతిలో అట్లే ఆగిపోయింది.

“ఎరుపూ ఆకుపచ్చా వాడికి వేరుగా కనపడవన్నా. పుట్టుకతో వచ్చింది. వాని తప్పు కాదు.”

ఎవరి దిష్టి తగిలిందోనని నేను ఏడుపు మొదలుపెట్టాను.

“సరే, దిష్టినీళ్ళు ఎట్ల కలుపుతావు, చూపియ్యి” అంది మేడం.

పసుపునీళ్ళలో సున్నం వేశాను, ఎర్రబడ్డాయి. నిమ్మకాయ పిండమంది. పిండితే మళ్ళీ పసుపుపచ్చగా అయ్యాయి. సున్నం తగిలితే పసుపు లోలోపల ఆకారం కొంచెం మారుతుందట, అందుకే రంగు మారుతుందట. పులుపు తగిలితే మళ్ళీ పాత ఆకారం. ప్రయోగంలో వేసే చుక్కమందూ అంతేనట. బట్టల సోడా కలిపిన నీళ్ళలోకి ఆమ్లం వదులుతూ పోతే, సోడా తీరిపోయిన చుక్క దగ్గర రంగు మారుతుంది. అక్కడ చేయి ఆపాలి. ఎంత ఆమ్లం పట్టిందో చూస్తే సోడా ఎంతుందో తెలుస్తుంది.

“రంగు ఏదైతే ఏమక్కా, ఆపమని చెప్తే చాలు” అంది.

క్లాసులో వాడే మందు పసుపు నుంచి నారింజ ఎరుపుకు తిరుగుతుంది. అది వాడికి కనపడదు. అట్లని ఇంకేదో వేస్తే కుదరదట. ఒక్కో మందు ఒక్కో పులుపు దగ్గర మారుతుంది, ముందే మారేది వేస్తే లెక్క తప్పుతుంది. సరిగ్గా ఆ చోటే నీలం నుంచి పసుపుకు తిరిగే మందు ఒకటుంది. దాని పేరు నాకు నోరు తిరగదు. ఆమె కడప పోయి తెచ్చింది. పరీక్ష పెట్టే ఆయన్నీ ముందే ఒప్పించింది.

ఫ్లాస్కు కింద పరిస్తే రంగు తేటగా కనపడుతుందని మా ఆయన్ని తెల్లగుడ్డ ముక్క అడిగింది. ఆయన మా రెండో మగ్గం మీద నేస్తున్న పంచెలోంచి కోసి ఇచ్చాడు. మగ్గం మీది గుడ్డ కోయడం నేనెప్పుడూ చూడలేదు.

పరీక్ష రోజు కాలేజీ గేటు దగ్గరే నిలబడ్డాను.

“ఇంటికి పో అక్కా, నిన్ను చూసి పిల్లోళ్ళు భయపడతాండారు” అంది మేడం.

పోలేదు. చిన్నోడు బయటికొచ్చి “కుదిరిందిమా” అన్నాక కదిలాను.

వాడిప్పుడు కర్నూలు దిక్కు సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో ఉన్నాడు. ఆమె పోయాక, ఆమె పాఠం చెప్పిన పిల్లలకు ఆ ప్రయోగం ఒకసారి చేసి చూపించమని కాలేజీవాళ్ళు వాడిని పిలిచారు. నేనూ మా ఆయనా కూడా వెళ్ళాం. ల్యాబులో అడుగుపెట్టడం నాకదే మొదలు. బల్ల మీద ఆ తెల్లగుడ్డే ఉంది, ఉతికి ఉతికి మెత్తబడి. ఇన్నేళ్ళూ దాచి వాడిందట. మా ఆయన అంచు పట్టి చూశాడు, పోగు ఊడిందేమోనని.

చిన్నోడు ఫ్లాస్కు తిప్పుతూ ఆమ్లం వదిలాడు. నీలం. ఇంకో చుక్క, ఇంకా నీలమే. దాటిపోతుందేమోనని నా భయం. మరో చుక్క పడింది. తెల్లగుడ్డ మీద ఫ్లాస్కంతా పసుపైంది.

వాడి చేయి ఆగింది.