కొండప్ప అంగడిలో గురప్ప గడ్డం

పుంగనూరు చుట్టుపక్కల కపిల బావుల్లో నీళ్ళు తోడే తోలు బానలు కుట్టడం గురప్ప పని. ఆయన కుట్టిన బాన అతుకు దగ్గర చుక్క కారేది కాదు. మిగిలిన తోలుతో మంగలి కొండప్పకు కత్తి పదును పెట్టుకునే పట్టీలు చేసిచ్చేవాడు. అంగడి గడప బయట పెట్టి వచ్చేవాడు. లోపలికి పోయింది లేదు.

1949లో, గురప్ప ఉండే హరిజనవాడలో గడ్డాలు గీసే ముసలాయన చనిపోయాడు. గురప్ప కుప్పంలో అన్నకొడుకు పెళ్ళికి పోవాల్సి ఉంది. మదనపల్లె మిషన్ బడి అయ్యవారు పరంజ్యోతి సంతకు వచ్చినప్పుడు, కులం చూసి అంగట్లో కాదనడం ఇప్పుడు నేరమనీ, ఫిర్యాదు చేస్తే కోర్టు జరిమానా వేస్తుందనీ చెప్పాడు.

గురప్ప ఆ మాట పట్టుకుని పోయి అంగడి బల్ల మీద కూర్చున్నాడు. కొండప్ప కత్తి పక్కన పెట్టేసి, ఈడ కుదరదు లెయ్యమన్నాడు.

"ఏమప్పా గురప్పా, గడ్డం తీస్తే పెద్దరెడ్డివి అయిపోతావా?" అన్నాడు వరుసలో ఉన్న రైతు ఒకడు. అందరూ నవ్వారు. గురప్ప లేచి వచ్చేశాడు.

ఫిర్యాదు రాసిస్తానని పరంజ్యోతి అంటే గురప్ప భార్య అక్కమ్మ ఒప్పుకోలేదు. వాడలో అన్నీ బోదగడ్డి కప్పిన కొట్టాలే. అయ్యవారు బస్సెక్కి మదనపల్లెకు పోతాడు, అగ్గి పెడితే కాలేది మనమని అంది. ఆ రోజు గురప్ప తోలు కుట్టే ఆరె పట్టుకుంటే కుట్టు వంకర పోయింది.

తరవాత కొన్నాళ్ళకు, పట్టీ తెగిందనే సాకుతో కొండప్ప వాడ మొదట్లోకి వచ్చి నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నా మింద కేసు పెట్టప్పా."

గురప్పకు అర్థం కాలేదు.

"నాయంతట నేను నీకు గడ్డం గీస్తే ఊరోళ్ళు అంగడి మూయిస్తారు. కోర్టు సెప్పిందంటే నన్నేమీ అనలేరు."

"నీ భయం తెచ్చి నా నెత్తిన పెడతాండావు."

"అవునప్పా," అన్నాడు కొండప్ప. "నీకు సట్టమన్నా ఉండాది. నాకేముండాది?"

మర్నాడు గురప్ప పోలీసు స్టేషను మెట్ల దాకా పోయి వెనక్కి తిరిగాడు. మళ్ళీ పోయాడు. ఫిర్యాదు కాగితం మీద వేలిముద్ర సరిగా పడకపోతే ఇంకోసారి వేయించారు. ఆ రోజు నుంచి అక్కమ్మ పొద్దుగూకేలోపల కుండలన్నీ నింపి చూరు కింద పెట్టేది. పెళ్ళికి గురప్ప మాసిన గడ్డంతోనే పోయి వచ్చాడు.

చివరికి మదనపల్లె కోర్టులో కొండప్ప తప్పు ఒప్పుకుని జరిమానా కట్టాడు.

గురప్ప మళ్ళీ ఆ బల్ల మీద కూర్చున్నాడు. వాకిలి నిండా జనం. ఈసారి ఎవరూ నవ్వలేదు. గొంతు మీద ఆనిన కత్తి వణుకుతోంది.

"పదును సాల్లేదు. ఇంకోసారి పట్టీకెయ్యప్పా," అన్నాడు గురప్ప.

కొండప్ప అటు తిరిగి, గురప్ప కుట్టిన పట్టీ మీద కత్తిని నిదానంగా పైకీ కిందికీ లాగాడు. ఇటు తిరిగేసరికి చెయ్యి కుదురుకుంది. గురప్ప గడ్డం పైకెత్తాడు. వాకిట్లో ఒకాయన, ఇంక వీని బానలు మనకొద్దని పక్కాయనతో అనడం వినబడింది.

ఇంటికి పోతే అక్కమ్మ నున్నటి గడ్డం వైపు ఒకసారి చూసింది. అటక మీది పాత కుండలు కూడా దించుకుని నీళ్ళకు పోయింది.