నానమ్మ మాట్లాడుతూ దిగిన ఫోటో

దగ్గరికి జరగండమ్మా, ఇంకాస్త. చాప మీద చోటు చాలకపోతే నా మంచం మీదే కూర్చోండి. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. మీరు కాగితం మీద చదువుకుంటున్నా సరే, నా పక్కన కూర్చుని వింటున్నామనే అనుకోండి.

నా చిన్నప్పుడు మేము సికింద్రాబాదులో, లాలాగూడ రైల్వే క్వార్టర్సులో ఉండేవాళ్ళం. మా నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. విజయనగరం వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి, ఇల్లు దొరకగానే మా నానమ్మను కూడా తెచ్చుకున్నాడు. వర్క్‌షాపు సైరను కూస్తే మా అమ్మ ఎసరు పెట్టేది, మళ్ళీ కూస్తే క్యారేజీ కట్టేది. ఇంటిముందు చిన్న వరండా, వరండాకి మెట్లు, మెట్ల కింద నాలుగిళ్ళవాళ్ళకీ కలిసిన వాకిలి. నా లోకమంతా ఆ మెట్ల దగ్గరే.

ఎందుకంటే మాటలు సరిగా రాకముందే నాకు తట్టు పోసి చూపు పోయింది. పూర్తిగా పోలేదు. ఒక కంటికి ఏమీ తెలియదు. రెండో కంటికి వెలుగూ నీడా తెలుస్తాయి. మనిషి బాగా దగ్గరికొస్తే, ఆరేసిన తెల్లచీర వెనకాల ఎవరో నిలబడినట్టు ఒక ఆకారం తెలుస్తుంది. బడికి పంపలేదు. ఆ రోజుల్లో నాలాంటి పిల్లల్ని ఎక్కడికి పంపాలో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నా బడి మా నానమ్మే. పొద్దస్తమానం నా పక్కన కూర్చుని, వాకిట్లో జరిగేదంతా చెబుతూనే ఉండేది. ఎదురింటివాళ్ళ కోడి గంపలోంచి ఎలా తప్పించుకుందో, నీళ్ళ పంపు దగ్గర ఎవరి బిందె ఎవరు జరిపారో, మబ్బు ఏ రంగులో ఉందో, అన్నీ. మబ్బు రంగు నాకెలా తెలుస్తుంది అంటారా? "ఉడికిన సేమదుంప పైతొక్కలాగుందే" అనేది. నేను చేమదుంప తొక్క తడిమి ఉన్నదాన్నే కదా, తెలిసిపోయేది.

మన మాటలో ఒక చిత్రం ఉంది, మీరెప్పుడైనా గమనించారో లేదో. ఫోటో తీసేవాడు తీస్తాడు, తీయించుకునేవాళ్ళు 'దిగుతారు'. మా కాలనీలో దిగడం అంటే రైలు దిగడం, నాకైతే మెట్లు దిగడం. కళ్ళున్న పిల్లలు ఎవరో ఫోటో దిగుతుంటే చూసి ఆ మాటకి అర్థం నేర్చుకుంటారు. నాకెవరు చూపించాలి? ఒక పండగ పూట మా అమ్మ నాకు కొత్త గౌను తొడిగి, "ఇవాళ స్టూడియోకి వెళ్ళి అందరం ఫోటో దిగుతాం" అంది. అక్కడెక్కడో మెట్టు ఉంటుంది కాబోలు, పడకుండా దిగాలి, అని దారి పొడుగునా పైకే గొణుక్కుంటూ వెళ్ళాను.

స్టూడియో లోపల కొత్త పరదాల వాసన, మొహం మీద లైట్ల వేడి. ఫోటో తీసే అతను ఊపిరి బిగబట్టమన్నాడు. ఒక్కసారిగా అందరూ నిశ్శబ్దమైపోయారు. ఇదే దిగే సమయం అనుకుని నేను కాలు ముందుకు చాపి, మెట్టు కోసం వెతికాను. మెట్టు లేదు, తూలి ముందుకు పడ్డాను.

"అరె పాపా, గిట్ల కదిలితే ఎట్ల? మొత్తం ఖరాబైంది కదా!" అన్నాడతను.

"మెట్టు వెతుక్కుంటోంది నాన్నా! ఫోటోలోకి దిగుతుందట!" అని మా అన్నయ్య పడీపడీ నవ్వాడు. మా అమ్మ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. నేను ఏడుపు లంకించుకున్నాను. ఏడుస్తున్న పిల్లతో ఫోటో ఏం బాగుంటుందని, నన్ను పక్క బల్ల మీద కూర్చోబెట్టి, మిగిలినవాళ్ళు ఇంకోటి దిగారు. కావాలని ఎవరూ చేయలేదు, పాపం. కానీ ఫ్రేము కట్టించి గోడకి పెట్టింది ఆ రెండో ఫోటోనే. చుట్టాలు వచ్చి దాన్ని మెచ్చుకున్నప్పుడల్లా నేను మెల్లిగా వరండాలోకి వెళ్ళిపోయేదాన్ని.

ఆ ఫోటోలో మా నానమ్మా లేదు. తను స్టూడియోకే రాలేదు. ఫోటో అంటే తనకి చచ్చే భయం. ఆ భయానికి కారణం ఉంది. మా తాతయ్య బతికుండగా ఒక్క ఫోటో కూడా లేదు. పోయాక, గుర్తుగా ఉంటుందని ఎవరో పట్నం నుంచి కెమెరావాణ్ణి పిలిపించి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి తీయించారట. "సచ్చినోడి తల ఎనకమాల ఒకడు పట్టుకున్నాడే. నోరు మూసీసి, కదలకుండా. ఫొటో అంటే అదే. నానొల్లను" అనేది. స్టూడియోలో ఊపిరి బిగబట్టమంటారని వింటే చాలు, చేతులు అడ్డంగా తిప్పేసేది.

ఇంతలో మా బాబాయి దగ్గర్నుంచి కబురొచ్చింది, పిన్నికి కవలలు పుట్టారని. సాయానికి నానమ్మ కావాలి. నానమ్మ విజయనగరం వెళ్ళిపోతోంది, మళ్ళీ ఎప్పటికొస్తుందో తెలియదు. వయసు కూడా అయింది. మా నాన్న ఒక్క ఫోటో దిగి వెళ్ళమ్మా అని బతిమాలాడు. కోప్పడ్డాడు, అలిగి అన్నం మానేశాడు కూడా. తను ససేమిరా అంది. ఇక నా సంగతి చెప్పాలా? వాళ్ళకి ఆ ముఖం కనబడకుండా పోతుందని బెంగ. నాకు ఆ గొంతు పోతుందని బెంగ.

మా పక్కింటి అక్క మిషన్ స్కూల్లో టీచరు. గుంటూరు వైపు క్రైస్తవుల కుటుంబం. చర్చిలో ఆదివారం పిల్లలకి పాటలు నేర్పేది. తన దగ్గర ఒక డబ్బా కెమెరా ఉండేది. దాన్ని కంటికి ఆనించనక్కర్లేదు, పొట్ట దగ్గర పట్టుకుని మీట నొక్కడమే. నానమ్మని ఎలాగైనా ఒప్పించమని ఆ అక్క దగ్గరికెళ్ళి అడిగాను.

"నేనడిగితే వినరమ్మా. నువ్వు తీస్తావా?" అంది.

వేళాకోళం అనుకున్నాను. "నాకు కనబడదు కదక్కా!"

"కెమెరాకి కనబడుతుందిలే. అది దేనివైపు తిరగాలో చెప్పడానికి దానికో మనిషి కావాలి. నీకేమో ఏది ఎక్కడుందో చెవులకే తెలిసిపోతుంది. మీ ఇద్దరికీ జత కుదిరింది పో" అని ఆ డబ్బా నా చేతుల్లో పెట్టింది.

అప్పటిదాకా నా చేతికి ఎవరూ పగిలే వస్తువు ఇవ్వలేదు. చల్లగా, అనుకున్నదానికంటే బరువుగా ఉంది. అక్క నా వేళ్ళు పట్టుకుని మీట ఎక్కడో, రీలు తిప్పే మర ఎక్కడో, ముందువైపు అద్దం ఎక్కడో చూపించింది. ఎండ నీ వీపుకి తగలాలి, అప్పుడే ఎదుటివాళ్ళ మీద వెలుగు పడుతుంది, అంది. మరీ దగ్గరగా ఉంటే బొమ్మ మసకబారుతుందట. ఎంత దూరంలో నిలబడాలో నాకెలా తెలియాలి? దానికి అక్కే ఒక ఉపాయం ఆలోచించింది. పొట్లాలు కట్టే పురికొస ఒకటి కొలిచి తెంపి, ఒక చివర కెమెరాకి కట్టింది. రెండో చివర ఎదుటి మనిషి గుండె దగ్గర పట్టుకోవాలి. పురికొస బిగుసుకుంటే దూరం సరిపోయినట్టు, అది ఎటు లాగితే అటే మనిషి ఉన్నట్టు. నొక్కబోయే ముందు ఆ మనిషి పురికొస వదిలేయాలి, లేకపోతే ఫోటోలో అడ్డంగా పడుతుంది. ఇంతే.

ఆ సాయంత్రం పురికొసని అక్క చేత పట్టించి, గోడకి కట్టి, పంపుకి కట్టి, రీలు లేని కెమెరాతో వాకిలంతా తీసి పారేశాను. నీళ్ళ చప్పుడు తీశాను, పావురాల గొణుగుడు తీశాను. ఏదీ ఎక్కడా పడలేదు. అయినా అంత ఆనందం అంతకుముందు ఎరగను.

మర్నాడు పొద్దున్నే అక్క రీలు వేసి ఇచ్చింది. ఆ సాయంత్రం బండికే నానమ్మ ప్రయాణం. నేను కెమెరా మెళ్ళో వేలాడేసుకుని వరండాలోకి వెళ్ళాను. నానమ్మ పై మెట్టు మీద కూర్చుని గోంగూర ఆకు తుంచుతోంది, తెంపుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఓలమ్మ, ఏటే గుంటా ఆ డబ్బా? మీ నాన్న పంపినాడా? నానొల్లనని సెప్పు!"

నాన్న పంపలేదని, నేనే తీస్తానని చెప్పాను. తుంచడం ఆగిపోయింది. నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు.

"నీకు కనిపించదు కదే బంగారం, ఎలగ తీత్తావు?"

"నువ్వు మాట్లాడుతూ ఉండు, నీ గొంతు ఎక్కడుంటే అక్కడికి తిప్పుతాను."

"నోరు ముయ్యాల కదే? ఊపిరి బిగబట్టాల కదా?"

"వద్దు నానమ్మా, నోరు మూస్తే నువ్వెక్కడున్నావో నాకు తెలీదు. చచ్చిపోయినవాళ్ళు మాట్లాడరు కదా? నువ్వు మాట్లాడుతూ దిగు."

ఆ మాట నేను ఆలోచించి అన్నది కాదు. నాకున్న అవసరం కొద్దీ అన్నాను. నానమ్మ ఒడిలో గోంగూర దులిపిన చప్పుడైంది.

"నా బోసినోరు సూసి నువ్వెలాగూ నవ్వవు. సరే, ఎక్కడ కూకోమంటావు?"

వరండాలో నీడ. వెలుగంతా కింద వాకిట్లో ఉంది. "ఇటు ఎండలోకి దిగు నానమ్మా" అన్నాను. అంటుండగానే నా నోట్లోని మాట నాకే వినబడి నవ్వొచ్చింది. మోకాళ్ళు పట్టుకుని, "రామ రామ" అనుకుంటూ, నానమ్మ మెట్లు దిగింది. నిజంగానే ఫోటో దిగింది చూడండి! స్టూడియోలో నేను వెతికిన మెట్టు మా ఇంటి ముందే ఉంది.

పురికొస కొస తన చేతికిచ్చి, గుండె దగ్గర పట్టుకోమని, వెనక్కి వెనక్కి నడిచాను. పురికొస బిగుసుకుంది. ఎండ నా వీపు మీద వెచ్చగా ఉంది. నానమ్మ ఏం మాట్లాడాలో తెలియక మొదట తడబడి, అంతలోనే ఎదురింటి కోడిని చూసినట్టుంది. "అదిగోనే, మళ్ళీ ఒచ్చీసింది దొంగమొకంది! గోంగూర కట్ట మీదకే..." అని మొదలుపెట్టి, నవ్వుతూ, దాన్ని అదిలిస్తూ, తిడుతూ ఉంటే ఆ గొంతు మధ్యలోకి గురిచూసి మీట నొక్కాను. పురికొస వదలమని చెప్పడం నాకు గుర్తే లేదు. వదలాలని తనకి తెలియనే తెలియదు.

నానమ్మ ఆ సాయంత్రం బండెక్కి వెళ్ళిపోయింది. రీలు కడిగించడానికి అక్క, మా నాన్న, నేను కలిసి అదే స్టూడియోకి వెళ్ళాం. అతను ఫోటో తెచ్చి మా నాన్న చేతిలో పెట్టాడు. నాన్న దాన్ని అక్కకి అందించాడు. అక్క నా చూపుడువేలు పట్టుకుని ఆ కాగితం మీద మెల్లిగా నడిపించింది. ఇది నానమ్మ తల, కొంచెం పక్కకి ఉంది. ఇది నోరు, బాగా తెరిచి ఉంది, పళ్ళు లేవు, కళ్ళు మూసుకుపోయేంత నవ్వు. ఒక చెయ్యి కోడి మీదికి ఎత్తి ఉంది. ఇంకో చెయ్యి గుండె దగ్గర. ఆ చేతిలోంచి పురికొస బయల్దేరి, ముందుకొచ్చేకొద్దీ లావై, కాగితం కింది అంచు దాకా వచ్చింది.

"గదే తప్పయింది. తాడు అడ్డమొచ్చె. పరేషాన్ గాకుండ్రి, కింద కోసేసి ముఖం వరకు మంచిగ చేసిస్తా" అన్నాడు స్టూడియో అతను. మా నాన్న సరేనన్నాడు.

అప్పుడు అక్క అంది, "తీసింది అమ్మాయి కదండీ, దాన్ని అడగండి."

బొమ్మ ఎలా ఉండాలో నన్ను అడగడం వాళ్ళకీ కొత్త, నాకూ కొత్త. నేను వేలితో మళ్ళీ కింది అంచు నుంచి పైకి, పురికొస దారినే నానమ్మ చేతి దాకా వెళ్ళాను. వేలికి నున్నటి కాగితం తప్ప ఏమీ తగల్లేదు. అయినా ఆ రోజు పురికొస బిగుసుకున్నప్పుడు అటు చివర నుంచి వచ్చిన చిన్న లాగుడు నా చేతిలో అలాగే ఉంది.

"కొయ్యొద్దు" అన్నాను. "దాని ఇటు చివర పట్టుకుంది నేను."

మా నాన్న నా తల మీద చెయ్యి వేశాడు. "ఉంచేయన్నా, అలాగే ఉంచేయ్" అన్నాడు.

ఆ ఫోటో కూడా గోడెక్కింది, నేను లేని ఫోటో పక్కనే. వచ్చిన చుట్టాలు పాతదాన్ని వదిలేసి దీని ముందు నిలబడి, ముసలామె ఏదో చెబుతోందే, ఏమంటోందే, అని అడిగేవాళ్ళు. అప్పుడు వరండాలోకి వెళ్ళిపోవలసిన పని నాకు లేకపోయింది. కోడి కథ చెప్పేది నేనే. నానమ్మ మళ్ళీ రెండుసార్లు మా ఇంటికొచ్చి, తన ఫోటో ముందు నిలబడి, "బతికున్నదాన్లాగే ఉన్నానే" అని మురిసిపోయింది. తను పోయాక ఎవరూ కెమెరావాణ్ణి పిలవలేదు. అవసరం లేకపోయింది.

ఇప్పుడు మా అబ్బాయివాళ్ళతో సికింద్రాబాదు పక్కనే యాప్రాల్‌లో ఉంటున్నాను. కింది వాటాలో చూపు తక్కువైన పిల్ల ఒకతి ఉంది. మొన్నామధ్య వాళ్ళమ్మ సెల్‌ఫోను అడిగి తీసుకుని, దానికో పురికొస కట్టి పిల్లకిచ్చాను. రెండో చివర నేను పట్టుకున్నాను. ఆ పిల్ల నన్ను కదలకుండా ఉండమంటుందేమో అని చూశాను. "అమ్మమ్మా, మాట్లాడు!" అంది. చెప్పకుండానే అంది. నాకు మా వాకిట్లో ఎండ మళ్ళీ వీపుకి తగిలినట్టయింది.

ఆనాటి నుంచి నేను దాచుకున్నది ఇదొక్కటే. నేను చూడలేని దాన్ని కూడా ఇంకొకరికి చూపించగలను, అటు చివర ఎవరైనా గట్టిగా పట్టుకుని ఉంటే.

ఇంతసేపు ఓపిగ్గా విన్నారు. మీ ఇంట్లో గొంతులన్నీ చల్లగా ఉండాలి తల్లీ. మీ గోడల మీద ఫోటోల్లో నవ్వే నోళ్ళు ఉండాలి, పక్క బల్ల మీద ఏ పిల్లా మిగిలిపోకుండా అందరూ కలిసి దిగాలి.