ఇరవై మూడో కుండీ ఫొటోలు

నా నోటుబుక్కులో ఆరు కొలతల్ని ఎర్ర సిరాతో కొట్టేశారు. అవి తప్పులు కావు. ఆ మాట చెప్పాలంటే నా తప్పు కూడా చెప్పాలి. అందుకే రాస్తున్నాను.

దెయ్యాల్ని నేనెన్నడూ నమ్మలేదు. చదువు పదో తరగతితో ఆగినా, మా ఊరి గ్రంథాలయంలో సైన్సు బీరువా మొత్తం చదివినవాణ్ణి.

కడియం దగ్గర మా నర్సరీలో కొత్త మిరప రకాల్ని పరీక్షిస్తారు. పదకొండేళ్లుగా వాటి ఎత్తూ కొమ్మలూ స్కేలుతో కొలిచి రాసేది నేనే. రోజూ పొద్దున్నే యజమాని, "ఏమంటున్నాయండి మొక్కలు?" అని నన్నే అడిగేవారు.

కిందటేడు కెమెరా పెట్టె వచ్చింది, దాంతోపాటు సుధారాణి గారు వచ్చారు. రోజూ పదింటికి ప్రతి కుండీకీ ఫొటో తీస్తారు. ఎత్తు, ఆకుల వైశాల్యం కంప్యూటరే లెక్కకడుతుంది. ఈ పద్ధతి గురించి నేనెప్పుడో చదివాను. అయినా ఒక సోమవారం పొద్దున యజమాని నన్ను దాటుకుని ఆవిడ దగ్గరికే వెళ్లారు.

"ఏంటి పాపారావు గారూ, మీ స్కేలు రిటైరైపోయిందా?" అన్నాడు మేస్త్రి సూరిబాబు.

ఒళ్లు మండింది. అప్పుడే ఇరవై మూడో కుండీలో మొక్క తల తుంచేయాలని నా వేళ్లు వెళ్లాయి. ఆపుకున్నాను.

ఆ శనివారం ఆపుకోలేదు. ఆవిడ లెక్కలు తప్పాలని, భోజనాల వేళ ఆ మొక్క తల తుంచేశాను. తల తుంచితే ఎత్తు ఆగి పక్కకొమ్మలు వేస్తుంది.

మర్నాడు సెలవు. ఆ తర్వాతి రోజు సుధారాణి గారు ఆ వారం ఫొటోలు యజమానికి చూపించారు. సోమవారం నుంచి శనివారం దాకా ఆరు. ఆరింటిలోనూ మొక్కకి తల లేదు. చివరి ఫొటోలో పక్కచిగుళ్లు కూడా ఉన్నాయి. కుండీ మారిందేమోనని చూశాను. అదే నంబరు, అంచున అదే బీట.

ఆ ఆరు రోజులూ పొద్దున్నే నేను కొలిచాను. తల ఉంది. రోజూ కాస్త పెరిగింది కూడా.

"చూడకుండానే రాసేశారా పాపారావు గారూ?" అని యజమాని ఎర్ర పెన్ను తీశారు. నోటుబుక్కు ఆయన ముందు పెట్టాను.

సాయంత్రం సుధారాణి గారికి ఉన్నదంతా చెప్పాను. కోప్పడతారనుకున్నాను. ఆవిడ మొదటి ఫొటో మళ్లీ తెరిచారు.

"శనివారం మీరు తుంచారు, సరే. మరి సోమవారం తుంచిందెవరండీ?"

సైన్సు బీరువా మళ్లీ మొదటి నుంచి చదివాను. తుంచాలనుకున్నదాన్ని ఫొటో తీసే కెమెరా గురించి అందులో ఎక్కడా లేదు.

బీరువా తాళంచెవి నా చేతికే ఇచ్చే లైబ్రేరియన్ సత్యవతి గారికి, ఆ కుండీని పారేయకుండా దాచిన సూరిబాబుకి, యజమానికి నేనే చెప్పుకోవాలని ఇన్నాళ్లూ నోరు విప్పని సుధారాణి గారికి కృతజ్ఞతలు.