పది అడుగుల బేరం

పుదుచ్చేరిలో ఎముకల డాక్టరు గదిలోంచి బేరం కుదరక లేచి వచ్చేసిన మనిషిని నేనొక్కదాన్నే అని నా నమ్మకం. కుడి మోకాలు మార్చడానికి ఆయన ఒక మొత్తం చెప్పాడు. నేను అందులో పావు వంతు కోసి అడిగాను. ఆయన నవ్వాడు. నేను సంచి సర్దుకుని లేచి, గుమ్మం వైపు పది అడుగులు వేశాను. ఆయన వెనక్కి పిలవలేదు, నేను తిరిగి చూడలేదు. ఇద్దరిలో నేనే గట్టిదాన్నని పద్నాలుగు నెలలు గర్వపడ్డాను. కుంటుతూ గర్వపడ్డాను.

ఇది పుట్టింటి నుంచి తెచ్చుకున్న విద్య. మా నాన్నది పాత్రల అంగడి. బడి లేని రోజుల్లో నేను బిందెల వరస పక్కన కూర్చుని ఆయన బేరాలు చూసేదాన్ని. ధర నచ్చక మనిషి లేచి పోతుంటే నాన్న ముఖం చూసేవాడు కాదు, కాళ్లు చూసేవాడు. "నాలుగో అడుగు దాకా నాటకం. పదో అడుగు దాటితే గిరాకీ పోయినట్టే. ఆ రెంటికీ నడుమ పిలవాల" అనేవాడు. పిలిచేవాడు కూడా, ఎప్పుడూ ఏడు, ఎనిమిది దగ్గర. అంగడి ఇవతలికి వచ్చి కొనేదాన్ని అయ్యాక నేను తొమ్మిది దాకా నడిచేదాన్ని. నలభై ఏళ్లు ఈ ఊరి మార్కెట్టులో నా సంసారం ఆ తొమ్మిది అడుగుల మీద నడిచింది.

డాక్టరు దగ్గర నేను చేసిన తప్పు అంగడివాళ్ల బిడ్డ మాత్రమే చేయగలిగేది. ఆయన ఇంట్లో కూడా తెలుగేనని తెలిసి, మనవాడే కదా, తగ్గిస్తాడని ముందే లెక్క వేసుకుని వెళ్లాను. ఆయన ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూపించాడు. ఎముకా ఎముకా రాసుకుంటున్నాయి. "మార్చుకుంటే మేలమ్మా. కానీ ఎప్పుడనేది మీ ఇష్టం. ఈ పటం చెప్పేది సగమే. మీ రోజు ఎట్లా గడుస్తా ఉందో అది తక్కిన సగం. మీరు రోజూ నడిచే మనిషి, అది మానొద్దు. తొడ కండకు వ్యాయామం చేయండి. కండ గట్టిగా ఉంటే ఆపరేషన్ అయినాక బిరీన లేస్తారు" అన్నాడు.

ఇంత చెబితే నా చెవికి ఎక్కింది "మీ ఇష్టం" ఒక్కటే. మా అంగడిలో ఆ మాట అన్నవాడు దిగడానికి సిద్ధంగా ఉన్నవాడు. అందుకే లేచాను.

ఇంట్లో మా ఆయన, మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి, అంతా విని అడిగారు: "ఏమే, ఆయన పిల్చలేదా?"

"పిలుస్తాడు, చూడండి."

"యాడికి పిలుస్తాడు? నీ ఫోన్ నంబరు ఇచ్చినావా?"

ఇవ్వలేదు.

ఆ పద్నాలుగు నెలల్లో నేను కొన్న తైలాలు, మోకాలి బెల్టులు అన్నీ బేరమాడి కొన్నవే. ఒక బెల్టు సగం ధరకు వచ్చింది. ఎడమ కాలిది. వ్యాయామం మాత్రం చేయలేదు. డబ్బు ఇవ్వకుండా దొరికిన సలహా మీద నాకు మొదటి నుంచీ గౌరవం తక్కువ. నడక మానలేదని అందరికీ చెప్పేదాన్ని. ఒర్లియంపేటలో మా ఇంటి నుంచి పొద్దున్నే బయలుదేరి పెద్ద మార్కెట్టుకు, అక్కడి నుంచి బీచ్ రోడ్డుకు, మళ్లీ ఇంటికి. అది నా నడక. మొదట బీచ్ రోడ్డు పోయింది. తరవాత వచ్చేటప్పుడు ఆటో ఎక్కాను. తరవాత వెళ్లేటప్పుడు మూడు చోట్ల ఆగడం మొదలుపెట్టాను. ఆగిన చోటల్లా ఏదో ఒకటి ధర అడిగేదాన్ని, ఊరికే నిలబడ్డానని ఎవరూ అనుకోకుండా. అట్లా అక్కర్లేని చీపుళ్లు రెండు కొన్నాను.

మార్కెట్టు కూడా పోతే నాకు ఇంకేం మిగలదని లోపల తెలుసు. ఇల్లు దాటితేనే నేను నేను. ఆ మాట పైకి అనలేదు.

చివరికి తేల్చింది చేపలామె. ఆమెది వీరాంపట్టినం. ఇరవై ఏళ్లుగా ఆమె దగ్గరే కొంటున్నాను, ఇరవై ఏళ్లుగా కొట్లాడుతున్నాను. ఆ రోజు వంజరానికి ఆమె చెప్పిన ధర విని, ఎప్పటిలాగే "నీ దగ్గర ఎవరు కొంటారు" అని వెనక్కి తిరిగాను. ఒకటి, రెండు, మూడు. నాలుగో అడుగులో మోకాలు పట్టేసింది. పక్కనున్న స్తంభం పట్టుకుని నిలబడ్డాను. కొత్తిమీర చూస్తున్నట్టు నటిద్దామంటే ఆ స్తంభం దగ్గర ఐసు పెట్టె తప్ప ఏమీ లేదు.

ఆమె పిలవలేదు. తన అరవంలో నింపాదిగా అంది: "ఎంత దూరం పోతావక్కా? నాలుగు నెలలుగా చూస్తున్నా. నువ్వు నాలుగడుగులకు మించి పోలేవు. అందుకే నేను అసలు ధర తగ్గించడం మానేశా."

నా గుట్టు ఆమెకు తెలుసు. నాలుగు నెలలుగా నేను గెలిచాననుకున్న బేరాలు కూడా ఆమె ముందే పెంచి చెప్పి తగ్గించినవి. మా నాన్న చూసినట్టే ఆమె నా కాళ్లు చూసింది.

తరవాత లేచి వచ్చి, నా రెక్క పట్టుకుని తీసుకెళ్లి తన ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టింది. చుట్టూ అందరూ నేల మీద కూర్చుని అమ్ముతుంటే ఈమె ఒక్కతే స్టూలు, బల్ల పెట్టుకుంటే డబ్బు పొగరనుకునేదాన్ని. ఆమె చీర కొంచెం పైకి లాగి మోకాలు చూపించింది. మధ్యలో నిలువునా మచ్చ.

"రెండేళ్లయింది. కింద కూర్చోవద్దన్నారు. అందుకే ఈ స్టూలు. పొద్దున మూడు గంటలు నిలబడే ఉంటా. తట్ట మాత్రం నా కోడలు మోస్తుంది."

"నొప్పి లేదా?"

"మొదటి నెల ఏడిచినా. ఆ తరవాత నా కూతురు పెళ్లిలో తిరిగినా. నువ్వు ఇంకా ఎవరి కోసం ఆగి ఉండావు?"

డాక్టరు పిలుపు కోసం అని చెప్పలేకపోయాను. ఆ రోజు చేప ఆమె నేను అడిగిన ధరకే ఇచ్చింది. ఇంటికి తెచ్చి వండాను. బాగానే ఉంది. గెలిచి తెచ్చిన రుచి లేదు.

మర్నాడే డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన నన్ను గుర్తుపట్టాడు.

"ఆ పొద్దు మీరు పోతా ఉంటే చూస్తానే ఉన్నా. పిలుద్దామనుకున్నా. కానీ, ఆ కాలితో వెనక్కి తిరగడం మీకు కష్టమని ఊరుకున్నా" అన్నాడు. ఆయనా కాళ్లే చూశాడు. ఈ ఊరంతా మా నాన్న అంగడే.

తొడ కండ సన్నబడిందని, ఆరు వారాలు వ్యాయామం చేసి రమ్మని పంపాడు. వ్యాయామం నేర్పిన అరవ అమ్మాయికి పాతికేళ్లుంటాయి. కాలు చాపి, బిగించి, ఎత్తి ఇరవైసార్లు అంది. పద్నాలుగుకు అడిగాను.

"సరే ఆంటీ, పద్నాలుగే. పొద్దున పద్నాలుగు, మధ్యాహ్నం పద్నాలుగు, సాయంత్రం పద్నాలుగు" అంది. ఇంత చిన్న వయసులో అంత చక్కగా బేరమాడేవాళ్లను నేను చూడలేదు. ఆ గౌరవంతోనే ఒక్క పూట కూడా మానలేదు.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. నిద్రపుచ్చారు, లేపారు, మర్నాడే ఆ వ్యాయామం అమ్మాయి వచ్చి నిలబెట్టింది. ఆ నిలబడిన క్షణంలో ఆమెను నోటికొచ్చినట్టు తిట్టాను, ఆమెకు తెలుగు రాదు కాబట్టి బతికిపోయాను. తెలిసినా తెలియనట్టు ఉందేమో కూడా. ఇంటికొచ్చాక మా ఆయన వాకర్ ముందు వెనక్కి నడుస్తూ, చిన్నపిల్లకు నడక నేర్పినట్టు రెండు చేతులూ చాపి హాలంతా తిప్పారు. మార్కెట్టుకు ఆయనే వెళ్లారు. చెప్పిన ధరకు కొని, చిల్లర కూడా వదిలేసి వచ్చేవారు. మంచం మీద పడుకుని ఆ ధరలు వినడం మోకాలి నొప్పి కన్నా ఎక్కువ బాధ. త్వరగా లేచింది అందుకే అనుకుంటాను. ఆ రోజుల్లో ఆయన ఒక్కసారి కూడా "చెప్పినాను కదా" అనలేదు. నేనైతే రోజూ అనేదాన్ని.

కొన్ని వదులుకున్నాను. కింద బాసింపట్టు వేసుకుని కూర్చోను. వాకిట్లో గొంతుక్కూర్చుని వేసే ముగ్గు ఇప్పుడు మా ఆయన వేస్తున్నారు. చుక్కలు సరిగ్గానే పెడతారు, గీతలు మిల్లు గోడంత తిన్నగా ఉంటాయి.

మూడు నెలలకు మార్కెట్టుకు నడిచి వెళ్లాను, ఎక్కడా ఆగకుండా. చేపలామె ధర చెప్పింది. వెనక్కి తిరిగాను. నాలుగు, అయిదు, ఆరు. ఎనిమిదో అడుగు దగ్గర వెనక నుంచి గొంతు: "అక్కా, రా. ఇరవై తగ్గిస్తా." నేను తిరిగి చూసేసరికి ఆమె స్టూలు మీద కూర్చుని నవ్వుతోంది. ధర చూసి కాదు, నా కాళ్లు చూసి.

ఇక అసలు లెక్క. డాక్టరు మొదటిసారి చెప్పిన మొత్తానికీ చివరికి నేను కట్టినదానికీ తేడా పద్దెనిమిది వేలు, తగ్గింది కాదు, పెరిగింది. తైలాలు, బెల్టులు, ఆటోలు, రెండు చీపుళ్లు కలిపి ఇంకో పన్నెండు వేలు. మొత్తం ముప్పై వేలు. చేపలో రాబట్టింది ఇరవై రూపాయలు. వారానికి రెండుసార్లు చేప కొని, ప్రతిసారీ ఎనిమిది అడుగులు నడిచి ఇరవై తగ్గించుకుంటే, ఆ డబ్బు తిరిగి రావడానికి పద్నాలుగున్నర ఏళ్లు పడుతుంది. అప్పటికి నాకు డెబ్భై ఏడు. కొత్త మోకాలు అంతకాలం వస్తుందనే డాక్టరు అన్నాడు. కాబట్టి డబ్బు వరకు సరిపోతుంది.

ఆ పద్నాలుగు నెలలకు మాత్రం తగ్గింపు దొరకలేదు. పూర్తి ధర కట్టాను.