రేపటమ్మ సెలవు

మా పక్కింటి కోడలు పురిటి సెలవు పెట్టకపోవడానికి కారణం అత్తగారి పోరేనని వీధిలో ఒక మాట తిరుగుతోంది. ఇంట్లో ఉంటే పొద్దస్తమానం ఆవిడ మొహం చూడాల్సొస్తుందని, నెలలు నిండుతున్నా ఉద్యోగానికి పరిగెడుతోందట. ఈ మాట ఎవరు పుట్టించారో నాకు తెలుసు. పేరు చెప్పను గానీ, కుట్టుమిషను ఆవిడని మాత్రం చెబుతాను. అది శుద్ధ అబద్ధం. మా రెండిళ్ళకీ మధ్య ఒక్కటే గోడ. గోడలకి చెవులుంటాయంటారు, మా గోడకున్నవి నావే. ఆ అత్తాకోడళ్ళు పోట్లాడుకోగా నేను విన్నది ఒక్క విషయానికే. గిన్నెలో ఆఖరి ముక్క నువ్వు తినంటే నువ్వు తినమని.

అసలు సంగతేమిటంటే, ఆ పిల్లకున్న జబ్బు వేరు. ఏ పని చెప్పినా "రేపు" అంటుంది. అందుకే మేం రేపటమ్మ అని పేరు పెట్టాం. ఆ పేరుతో పిలిస్తే పలుకుతుంది కూడా. కాకపోతే వెంటనే పలకదు.

ఒకసారి పన్ను పీకించుకోవాలని డాక్టరు చెబితే రేపు అంది. ఆ రేపు ఎంత దూరం సాగిందంటే, చివరికి పన్నుకే విసుగొచ్చి, ఓ రోజు జామకాయ కొరుకుతుంటే దానంతటదే ఊడొచ్చింది.

"చూశారా పెద్దమ్మగారూ, తొందరపడి ఉంటే ఎంత తిరుగుడు తిరగాల్సొచ్చేదో!" అంటూ ఆ పన్నుని అరచేతిలో పెట్టుకుని, బహుమతి గెల్చుకొచ్చినట్టు వీధంతా చూపించింది.

పెళ్ళి సంగతీ అంతే. మొగుడు తాళాలు బాగుచేస్తాడు. వాళ్ళ పుట్టింటి వీధి తలుపు తాళం బాగుచేయడానికి వెళ్ళి, ఆ పిల్లని చూసి, మనసాగక నన్ను పెళ్ళి చేసుకుంటావా అని అడిగేశాడట. రేపు చెబుతానంది. మర్నాడు వెళ్ళాడు, రేపు అంది. ఊరికే వెళ్ళి నిలబడితే బాగుండదని పాపం రోజుకో తాళం బాగుచేసి వచ్చేవాడు. ఈవిడ ఊఁ అనేనాటికి ఆ ఇంట్లో బీరువాలు, పెట్టెలు, గొళ్ళేలు, ఆఖరికి ఎదురింటివాళ్ళ సైకిలు తాళం కూడా కొత్తవాటిలా అయిపోయాయి.

"వద్దనుకుంటే మొదటిరోజే వద్దని ఉండేదండీ. రేపు అందంటే నచ్చానన్నమాటే" అని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాడు. ఎవరి పిచ్చి వాళ్ళకానందం.

ఇంతకీ వింతేమిటంటే, ఇలాంటి మనిషి బస్‌స్టేషన్‌లో మైకు దగ్గర ఉద్యోగం చేస్తోంది. "కొండదారి బస్సు బయల్దేరడానికి సిద్ధంగా ఉంది, ప్రయాణికులు త్వరగా ఎక్కవలెను" అని వినబడే ఆ నున్నటి గొంతు ఈవిడదే. ఆ గదిలో మాత్రం రేపూ లేదు, మాపూ లేదు. డ్రైవర్లు ఈవిడ గొంతు విని వాచీలు సరిచేసుకుంటారు. టీ తాగే మనిషి గ్లాసు సగంలో వదిలేసి పరిగెడతాడు. ఊళ్ళో ప్రతి బస్సూ ఎప్పుడు కదలాలో చెప్పే మనిషి, తను ఎప్పుడు ఇంటికి కదలాలో మాత్రం చెప్పలేకపోయింది.

అక్కడి పద్ధతి ప్రకారం పురిటి సెలవు మొత్తం ఒకటే ముద్ద. కాన్పుకి ముందు ఎంత వాడుకుంటే, తర్వాత అంత తగ్గుతుంది. ముందు ఓర్చుకుంటే, తర్వాత బిడ్డతో ఎక్కువ రోజులుండొచ్చు. ఇది తేల్చడానికి ఓ సాయంత్రం మా మెట్ల మీద పంచాయితీ పెట్టాం.

"రొట్టె లాంటిదన్నమాట. ఇటు కొరికితే అటు తగ్గుతుంది" అన్నాను నేను, అందరికీ అర్థం కావాలని.

"అయితే ఇప్పుడే కొరకమనండి వదినా!" అంది వాళ్ళత్తగారు. చేతిలో ఊలు, సూదులు. బిడ్డకి టోపీలు అల్లుతోంది. "కాళ్ళు చూశారా ఎలా ఉబ్బిపోయాయో? ఒక్క చెప్పూ పట్టడంలేదు. మావాడి చెప్పులేసుకుని వెళుతోంది."

"మరి నేనేం వేసుకుంటున్నానో ఎవరూ అడగరేం?" అన్నాడు తాళాలబ్బాయి.

"నువ్వు మాట్లాడకు. ఇదంతా నీ మూలంగానే వచ్చింది" అంది తల్లి.

"డాక్టరమ్మ ఏమందమ్మాయ్?" అన్నాను.

"ఓపిక ఉన్నన్నాళ్ళు చెయ్యొచ్చందండీ."

"ఆ ఓపిక ఎన్నాళ్ళుంటుందట?"

"అది నన్నే చెప్పమందండీ."

"బాగానే ఉంది! మనకి తెలిస్తే ఆవిడ దగ్గరికెందుకు వెళ్ళడం?"

నేను చదివింది ఐదో తరగతి. తీసివేతలు బాగానే వచ్చు. కానీ ఇంకా పుట్టనివాళ్ళని తీసివేతలో పైన రాయాలా కింద రాయాలా అన్నది మా పంతులమ్మ చెప్పలేదు. వేళ్ళ మీద లెక్కేసినప్పుడల్లా ఒక్కో జవాబొచ్చింది. ఒకసారైతే బిడ్డ పుట్టకముందే సెలవు అయిపోయింది. ఇంకోసారి బిడ్డ బడికెళ్ళేదాకా మిగిలింది. ఇవతల నేను వేళ్ళు మడుస్తుంటే అవతల వాళ్ళత్తగారు ఊలు ముడులు లెక్కపెడుతోంది. నా అంకెలు ఆవిడ టోపీలోకీ, ఆవిడ ముడులు నా సెలవులోకీ వెళ్ళిపోయాయి. ఆ టోపీ చివరికి మా ఆయన తలకి సరిపోయేటట్టు తయారైంది.

"ఇదంతా కాదు. నీ మనసులో ఏముందో చెప్పమ్మాయ్" అన్నాను, ఓపిక చచ్చి.

"రేపు చెబుతానండీ" అంది, నిమ్మకు నీరెత్తినట్టు కూచుని.

అయితే చెప్పకపోవడమూ కాదు. చెప్పింది. చెప్పడమే ఎక్కువైంది. ఒకరోజు ఇంటికొచ్చి "రేపట్నుంచి సెలవు" అని ప్రకటించింది. బస్‌స్టేషన్‌లో కేకు కోశారట, మేనేజరు చాలాసేపు ఉపన్యాసమిచ్చాడట, ఒక డ్రైవరైతే కళ్ళు తుడుచుకున్నాడట. అత్తగారు సంబరపడి మంచం కిటికీ పక్కకి జరిపించి, దుప్పట్లు మార్చింది. తెల్లారి నేను మొక్కలకి నీళ్ళు పోస్తుంటే, ఈ పిల్ల మొగుడి చెప్పులు ఈడ్చుకుంటూ బస్‌స్టేషన్ వైపు వెళుతోంది!

"ఏమే, సెలవన్నావు?"

"రేపట్నుంచండీ."

"నిన్న కూడా రేపట్నుంచే అన్నావు కదే!"

"అవునండీ. ఇవాళ కూడా అదే మాట మీద ఉన్నాను."

ఆ వారంలోనే మళ్ళీ వీడ్కోలు. మళ్ళీ కేకు. ఈసారి చిన్నది. మళ్ళీ తెల్లారి చెప్పుల చప్పుడు. తర్వాత కేకు పోయి బిస్కట్లయ్యాయి. మేనేజరు ఉపన్యాసం అరిగి అరిగి, చివరికి "సరేనమ్మా" అన్న ఒక్క ముక్క మిగిలింది. కళ్ళు తుడుచుకున్న డ్రైవరు ఇప్పుడు ఈవిడని చూస్తే నవ్వు ఆపుకోలేక మొహం తిప్పేసుకుంటున్నాడట. ఇంట్లో అత్తగారు మంచాన్ని కిటికీ దగ్గరికి జరపడం, తియ్యడం, మళ్ళీ జరపడం. ఆ గీరుడు చప్పుడు విని రేపటమ్మకి సెలవొచ్చిందో పోయిందో గోడ ఇవతల నుంచే చెప్పగలిగేదాన్ని.

నవ్వులాటకి నవ్వులాటే గానీ, అత్తగారికి భయం పట్టుకుంది. ఓ మధ్యాహ్నం మా వంటింటి గుమ్మంలో కూలబడింది.

"వదినా, దీని వాలకం చూస్తే ఆ ప్లాట్‌ఫారం మీదే కనేసేలా ఉంది. మెట్లెక్కుతుంటే ఆయాసం. రాత్రి నడుం నొప్పని మూలుగుతుంది, తెల్లారేసరికి తయారు. గట్టిగా అంటే బాధపడుతుందేమోనని అనలేను. పైగా నా పోరు పడలేకే వెళుతోందని జనం అంటున్నారటగా. నిజమేనంటారా? నేనేమైనా అన్నానా దాన్ని?"

ఎప్పుడూ నలుగురికి వినబడేలా మాట్లాడే మనిషి, ఆ మాట మాత్రం గొంతు తగ్గించి అడిగింది. నాకు ఒళ్ళు మండింది. ఇక ఉండబట్టలేక, ఏ బస్సూ ఎక్కే పని లేకపోయినా సంచీ పట్టుకుని బస్‌స్టేషన్‌కి బయల్దేరాను.

మైకు గదికి ముందంతా అద్దం. మాట వినబడ్డానికి అద్దంలో గుండ్రటి కన్నం. దాని పక్కనే బెంచీ. ఇంతకంటే నాకేం కావాలి? వెళ్ళి కూచున్నాను. లోపల రేపటమ్మ బోర్లించిన బకెట్టు మీద కాళ్ళు పెట్టుకుని, అటు తిరిగి ఫోన్లో మాట్లాడుతోంది.

"ఇవాళ ఎంతదాకా నడక? కిటికీ దాకానా? ఏదీ పట్టుకోకుండానే! శభాష్! పడలేదు కదా? ఓహో, అలకా? అలిగి మళ్ళీ మంచం ఎక్కేయడమా? ఏం చేస్తాం, మెల్లిగా బుజ్జగించి, ఏదైనా తీపి చేతిలో పెట్టి మళ్ళీ నడిపించు. నువ్వు మాత్రం అక్కణ్ణుంచి కదలకు. నాకేం తొందర లేదు, బోలెడు టైముంది."

నాకు తల తిరిగిపోయింది. నడక నేర్చుకోవడం, పడటం, అలగడం, తీపి పెడితే లేవడం. ఇవన్నీ ఎవరు చేస్తారు? ఏడాది పిల్లలు చేస్తారు. కడుపులో ఉన్నది ఇంకా బయటికే రాలేదు, మరి ఈ నడిచేది ఎవరు? ఎక్కడ పెరుగుతున్నాడు? ఆ సంచీ అక్కడే వదిలేసి ఇంటికొచ్చి పడ్డాను.

నా నోట్లో నువ్వుగింజ నానదని అందరికీ తెలుసు. అయినా పది రోజులు బిగబట్టుకుని, ఒక్కరికే చెప్పాను. ఆ ఒక్కరూ వాళ్ళత్తగారే.

ఆవిడ అల్లిక పక్కన పెట్టింది.

"అంటే వదినా, మావాడిక్కూడా తెలియకుండా నాకు ఇంకో మనవడున్నాడంటారా?"

"నేనేమీ అనడంలేదు. విన్నది చెప్పాను."

"ఉంటే దాచడమెందుకూ? ఇంటికి తెచ్చెయ్యమనండి. టోపీలు ఎలాగూ ఎక్కువయ్యాయి" అని లేచి చెప్పులేసుకుంది. ఎక్కడున్నా సరే, వాణ్ణి చంకనేసుకుని రావడానికి సిద్ధమైపోయింది.

ఇద్దరం బస్‌స్టేషన్‌కి చేరేసరికి మైకు గది ముందు మేనేజరు, నవ్వే డ్రైవరు నిలబడి ఉన్నారు. మరో వీడ్కోలన్నమాట. ఈసారి బిస్కట్లు కూడా లేవు. అప్పుడే ఒక బస్సొచ్చి ఆగింది. దాంట్లోంచి లావు కళ్ళజోడు పెట్టుకున్న ఒకామె దిగింది. ఆమె వెనకాలే చేతికర్రతో ఒక పెద్దాయన. ఆమె చెయ్యందిస్తే "తియ్యి!" అని కసిరి, ఒక్కో మెట్టూ తనే దిగాడు. రేపటమ్మ మైకు గదిలోంచి పరిగెత్తుకొచ్చింది. అంటే, ఆ స్థితిలో పరుగనదగ్గ నడకతో వచ్చింది.

కళ్ళజోడామె ఆ కడుపుని చూసి నెత్తి కొట్టుకుంది.

"ఇదేమిటే చెల్లీ! బోలెడు టైముందన్నావు!"

"ఉందిగా అక్కా" అంది రేపటమ్మ. "రేపటిదాకా ఉంది."

"ఫోన్లో కడుపు కనబడదని ఇంత అబద్ధమా? ఇలా ఉన్నావని తెలిస్తే నేనెప్పుడో వచ్చేసేదాన్ని కదే!"

మేనేజరు నోరు తెరిచి, ఆవిణ్ణీ ఈవిణ్ణీ మార్చి మార్చి చూశాడు. అప్పుడు గుచ్చి గుచ్చి అడిగితే బయటపడిందేమిటంటే, మైకు దగ్గర పనిచేసేది వీళ్ళిద్దరే. ఒకరు సెలవులో ఉంటే రెండోవారికి సెలవు లేదు. ఈ కళ్ళజోడామె తండ్రి జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఇంట్లో ఇంకో మనిషి లేదు. ఆపరేషనయ్యాక ఆయన తనంతట తాను లేచి స్నానాలగదిదాకా నడిస్తేగానీ ఆమె ఇల్లు కదలడానికి వీల్లేదు. రేపటమ్మ సెలవు పెట్టిందా, ఆమె ఆయన్ని వదిలేసి మర్నాడే మైకు ముందు కూచోవాలి.

పెద్దాయన గుమ్మందాకా నడిచాడని ఫోనొస్తే ఇక్కడ కేకు కోశారు. ఆయన ఆ రాత్రే మొండికేసి మంచమెక్కితే, తెల్లారి ఈవిడ మళ్ళీ చెప్పులీడ్చుకుంటూ వచ్చింది. మేం మెట్ల మీద వేళ్ళు మడిచి లెక్కలేస్తుంటే, ఆ సెలవు తేదీ ఎవరింట్లోనో ఒక మొండి ముసలాయన కాళ్ళల్లో ఉందన్నమాట! రేపు అనడం ఈ పిల్లకి అలవాటే కాబట్టి, ఈసారి రేపు వెనక ఏదో ఉందని మాకెవరికీ తోచలేదు. దానికి కావలసిందీ అదే.

"నేను ఉత్త మతిమరుపనుకున్నానమ్మా" అన్నాడు మేనేజరు, గొంతు సవరించుకుంటూ. మళ్ళీ ఉపన్యాసం మొదలెడతాడేమోనని అందరం భయపడ్డాం. కానీ కళ్ళజోడామె అప్పటికే లోపలికెళ్ళి కుర్చీలో కూచుని, బకెట్టుని కాలితో పక్కకి నెట్టేసింది. "ఇక నువ్వు ఇంటికి నడు" అంది. రేపటమ్మ సెలవు ఆ క్షణాన నిజంగా మొదలైంది.

పెద్దాయన చేతికర్ర ఆన్చుకుని మమ్మల్ని ఎగాదిగా చూశాడు. "ఎవరీ గుంపు? నన్ను చూడ్డానికేనా?"

"మీ కోసమే అన్నయ్యగారూ!" అంటూ రేపటమ్మ అత్తగారు పరుగున వెళ్ళి ఆయన మోచెయ్యి పట్టుకుంది. "అలా ఈడ్చకూడదు, మోకాలెత్తి వెయ్యాలి. వదినా, మీరు ఆ చెయ్యి పట్టండి!"

పట్టమంటే పట్టాను. ఆయన వద్దంటున్నా వినకుండా ఇద్దరం ప్లాట్‌ఫారం మీద ఆ కొసనుంచి ఈ కొసకి నడిపించుకుంటూ వచ్చాం. రేపటమ్మ ఎదురుగా వచ్చి నిలబడేసరికి, నోటిదాకా వచ్చిన ప్రశ్న మొహం మీదే అడిగేశాను.

"ఏమే, ఇంత మంచి పని చేస్తూ మాకో మాట చెబితే నీ సొమ్మేం పోయింది? మీ అత్తగారు ఎంత బెంగపడిందో తెలుసా? చెబితే మేం అడ్డొస్తామా, సాయం చేస్తాం గానీ!"

ఆ పిల్ల నన్ను చూసింది, వాళ్ళత్తగారిని చూసింది, మా ఇద్దరి మధ్యా ఉన్న పెద్దాయన్ని చూసింది. పెదవి బిగబట్టి నవ్వాపుకుంది.

"ఈ సాయం చేస్తారనే చెప్పలేదు పెద్దమ్మగారూ. ముందు ఆయన్ని కింద పెట్టండి, కాళ్ళు నేలకానడంలేదు."